రెండో బ్రేకు

మా ఆవిడని ఊళ్ళో సగం మంది బ్రేకమ్మ అంటారు. ఆమె డ్రైవింగ్ స్కూలు నడుపుతుంది. నేర్చుకునేవాళ్ళ బండిలో బ్రేకులు రెండుంటాయి. ఒకటి స్టీరింగు పట్టుకున్నవాళ్ళ కాలి కింద, రెండోది పక్క సీట్లో కూర్చుని నేర్పేవాళ్ళ కాలి కింద. ఆ రెండో బ్రేకు పెళ్ళికి ముందు నుంచీ మా ఆవిడది. పెడల్ మీది రబ్బరు అరిగి నున్నగా అయితే మార్పిస్తుంది కానీ, ఆ సీట్లో ఇంకొకరిని కూర్చోనివ్వదు.

నేను కళ్ళద్దాల దుకాణం వాణ్ణి. భయస్తుణ్ణి. ఈ మాట సిగ్గుపడకుండా చెప్పుకుంటాను, ఎందుకంటే ఇందులో దాచడానికేమీ లేదు, అందరికీ తెలిసిందే. పెళ్ళయిన కొత్తలో ఒకసారి నన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టింది. ఎక్కడో దూరంగా రోడ్డు మీద ఒక కుక్క పడుకుని ఉంది. నేను తలుపు తీసుకుని దిగిపోయాను. బండి కదులుతుండగానే. కుక్క లేచి నా వంక జాలిగా చూసిందని మా ఆవిడ ఇప్పటికీ వచ్చిన చుట్టాలందరికీ చెబుతుంది. ఆ తర్వాత ఆమె ఊరందరికీ నేర్పింది, మా అమ్మాయికి నేర్పింది, నా జోలికి మాత్రం రాలేదు.

ఆమె కుడికాలు ఎప్పుడూ ఊరికే ఉండేది కాదు. బస్సులో వెళ్తున్నా, ముందు ఏదైనా అడ్డమొస్తే మా ఆవిడ కాలు టక్కున నేలకేసి నొక్కేది. సినిమాలో కారు గుద్దుకోబోతుంటే నొక్కేది. ఒక్కోసారి నేను దుకాణం కబుర్లు ఎక్కువ చెబుతున్నా నొక్కేది. నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళకి మొదటిరోజు చెప్పే మాట మాత్రం వేరు. "నొక్కడం ఎవరికైనా వచ్చు. తీయడం నేర్చుకోండి" అనేది. తన పాదం పెడల్ మీద ఆనేది కాదు, నేల మీదా ఉండేది కాదు. పెడల్‌కి పైన, అందీ అందనట్టు, గాల్లో ఉండేది. పాఠం అయ్యేదాకా అలాగే. ఆనితే బండి లాగదు, దింపితే సమయానికి అందదు. అదంతా మడమ మీద బరువు వేసి పాదాన్ని పైకి ఎత్తిపట్టే పని. ఆ సంగతి నాకప్పుడు తెలియదు. తర్వాత తెలుసుకోవాల్సి వచ్చింది.

మా ఆవిడ తుంటి కీలు అరిగిపోయింది. బండి దిగేటప్పుడు తలుపు పట్టుకుని, పళ్ళ బిగువున, ఒక్క క్షణం అలాగే నిలబడేది. కుడికాలు పొట్టిదై నడక ఒక పక్కకి ఒరిగింది. నొప్పి మాత్రలు చాక్లెట్లలా చప్పరిస్తోందని మా అమ్మాయి గొడవపెట్టి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. కీలు మార్చేయాలన్నారు. డాక్టరు మంచాయన. జరగగలిగినవన్నీ ముందే చెప్పాడు. రక్తం గడ్డకట్టడం, చీము పట్టడం, కీలు తప్పడం, అరుదుగా నరం దెబ్బతినడం. నాకు మొదటి ముక్క దగ్గరే చెవులు మూసుకుపోయాయి. మా ఆవిడ మాత్రం మొత్తం విని, "ఎప్పుడు బండెక్కొచ్చు?" అని అడిగింది.

ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. మధ్యాహ్నానికి మెలకువ వచ్చింది. సాయంత్రం చిన్న డాక్టరొకడు వచ్చి దుప్పటి తొలగించి, "అమ్మా, పాదం కదపండి" అన్నాడు. అరికాలి కింద తన అరచెయ్యి పెట్టాడు. మా ఆవిడ నొక్కింది. ఎంత గట్టిగా నొక్కిందంటే, వాడి చెయ్యి వెనక్కి పోయి మంచం అంచుకి తగిలింది. వాడు నవ్వాడు. నేనూ నవ్వాను. ఆమె అయితే, మందు మత్తులోనే, "బండి ఆగిందా?" అంది. గదిలో ఉన్నవాళ్ళందరం నవ్వుకున్నాం. మర్నాడు పొద్దున్న ఇంకొకరు వచ్చి అదే అడిగారు, ఆమె అదే చేసింది. కాలు కదపమంటే మా ఆవిడకి తెలిసిన కదలిక ఒకటే. పైకి లేపమని ఎవరూ అడగలేదు. లేవడం లేదని ఆమెకీ తోచలేదు. పాదం మీద ఏదో మందంగా ఉందని ఒకసారి అంది కానీ, మత్తుమందు తాలూకు అనుకున్నాం.

వ్యాయామం చేయించే అమ్మాయి వచ్చి నిలబెట్టాక బయటపడింది. చేతికి నడక స్టాండు ఇచ్చి, "నడవండి ఆంటీ" అంది. ఎడమకాలు వేసింది. కుడికాలు ఎత్తింది. మోకాలు లేచింది కానీ పాదం లేవలేదు. తడిగుడ్డలా వేలాడింది. వేళ్ళు నేలకి రాసుకుంటూ వచ్చాయి, చర్రుమని చప్పుడు. ఆ అమ్మాయి మొహంలో నవ్వు పోయింది.

"ఆంటీ, వేళ్ళు మీ వైపుకి ఎత్తండి."

మా ఆవిడ పాదం వైపు చూసింది. నేనూ చూశాను. పెదవి బిగించింది, నుదుటి మీద నరం ఉబ్బింది, మెడ ఎర్రబడింది. పాదం దాని మానాన అది ఉంది. ఎవరిదో పాదాన్ని తెచ్చి అక్కడ పెట్టినట్టుంది.

"ఎత్తుతున్నాను కదమ్మా" అంది మా ఆవిడ.

ఎత్తుతున్నానని ఆమె నిజంగానే అనుకుంటోంది.

పెద్ద డాక్టరు పరుగున వచ్చాడు. పిన్నుతో పాదం మీద గుచ్చుతూ, "తెలుస్తోందా? ఇక్కడ? ఇక్కడ?" అని అడిగాడు. కళ్ళు మూసుకున్న మా ఆవిడ, ఆయన ఊరికే అడుగుతున్నాడనుకుని, పిన్ను కోసం ఎదురుచూస్తోంది. రక్తం గడ్డ ఏదైనా నొక్కుతోందేమోనని స్కానింగ్ తీయించాడు. అలాంటిదేమీ లేదు.

"నరం తెగలేదమ్మా" అన్నాడు చివరికి, కుర్చీ లాక్కుని కూర్చుని. "పొట్టిదైన కాలుని సరైన పొడవుకి తెచ్చాం. అప్పుడు నరం సాగి దెబ్బతిన్నట్టుంది. పాదాన్ని కిందకి నొక్కే పాయ వేరు, పైకి లేపే పాయ వేరు. లేపే పాయ పడుకుంది."

"లేస్తుందా?" అన్నాను.

"చాలామందికి నెమ్మదిగా వస్తుంది. కొందరికి కొంతే వస్తుంది. కొందరికి రాదు. మీకు ఏది జరుగుతుందో ఇప్పుడే చెబితే అబద్ధం చెప్పినట్టవుతుంది. నెలలు పడుతుంది."

డాక్టర్లు అబద్ధం చెప్పకూడదని నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ రోజు ఒక్క అబద్ధం చెప్పి ఉంటే ఆయన కాళ్ళు పట్టుకునేవాణ్ణి.

ఇంటికొచ్చాం. పిక్క వెనక నుంచి అరికాలి దాకా పట్టి ఉంచే ప్లాస్టిక్ పట్టీ ఒకటి ఇచ్చారు, పాదం వేలాడకుండా. అది వేసుకుంటే బూటు పట్టదు, తీస్తే అడుగు పడదు. నాకు కొత్త కొత్త భయాలు మొదలయ్యాయి. ఒకరోజు వంటింట్లోంచి హాల్లోకి వచ్చి కూర్చుంది, మాట్లాడుతోంది. కుడికాలికి చెప్పు లేదు. అది గుమ్మం దగ్గరే జారి ఉండిపోయింది. ఆమెకి తెలియలేదు. నేను వెళ్ళి చెప్పు తెచ్చి తొడుగుతుంటే నా నెత్తి మీద నుంచి టీవీ చూస్తూ, "ఏం వెతుకుతున్నారు అక్కడ?" అంది. ఇంకోరోజు గ్లాసులో వేడి టీ ఒలికి పాదం మీద పడింది. ఆమె కబుర్లు ఆపలేదు. చర్మం ఎర్రబడడం నేను చూశాను, ఆమెకి మాత్రం కబురు అందలేదు. మా అమ్మాయి చల్లటి నీళ్ళు పోస్తుంటే అప్పుడు కిందకి చూసి, మొదటిసారి మా ఆవిడ మొహం కత్తివాటుకి నెత్తురుచుక్క లేనట్టయింది. అంతలోనే సర్దుకుని, "మంచిదే, నొప్పి లేదు" అంది. అది విని నేను దొడ్లోకి వెళ్ళి ఏడ్చాను.

మంట మాత్రం ఉండేది. పైన తాకితే తెలియదు, లోపల మాత్రం కారం రాసినట్టు మంట. తెలియాల్సింది తెలియకుండా, తెలియకూడనిది తెలియజేసే ఆ నరం మీద నాకు ఒళ్ళు మండిపోయేది. రోజూ వ్యాయామాలు చేయించేవాణ్ణి. తువ్వాలు పాదానికి వేసి నా వైపు లాగేవాణ్ణి, ఆమె లేపడానికి ప్రయత్నించేది. "లేచిందా?" అని అడిగేది. "కొంచెం" అనేవాణ్ణి. "తువ్వాలు మీరు లాగారు" అనేది. లాగానని నాకూ తెలుసు.

స్కూలు మూతపడింది. మా అమ్మాయి బళ్ళో లెక్కల టీచరు. "అమ్మా, ఇంకెవరినైనా నేర్పడానికి పెట్టుకుని నువ్వు ఆఫీసులో కూర్చో, ఫోన్లు చూసుకో" అంది. మా ఆవిడ దాని వంక చూసిన చూపుకి అది చున్నీ సర్దుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఇలా ఉండగా మొక్కలమ్మే ఆవిడ వచ్చింది. మొక్కలు వేసుకు తిరగడానికి చిన్న వ్యాను కొనుక్కుంది కానీ నడపడానికి భయం. "అక్కా, నువ్వు పక్కనుంటేనే నేర్చుకుంటాను. ఇంకెవరి పక్కన కూర్చున్నా నాకు చేతులాడవు" అంది.

"సోమవారం రా" అంది మా ఆవిడ.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆవిడ వెళ్ళేదాకా ఆగి, "సోమవారం ఏమిటే?" అన్నాను.

"నొక్కడానికి నా కాలికి ఏం రోగం? డాక్టరు చెయ్యి విరగ్గొట్టేంత బలం ఉంది."

"లేవదుగా!"

"లేపక్కర్లేదు. పెడల్ మీదే పెట్టి ఉంచుతాను."

"ఆనిస్తే బండి లాగదని నువ్వే కదా అందరినీ తిడతావు?"

"మీరు ఎప్పుడు నేర్చుకున్నారు ఇవన్నీ?" అంది. అంతకాలం పక్కన కూర్చుని వింటే గోడకైనా వచ్చి ఉండేది.

ఆమె వాదిస్తోంది కానీ నా కళ్ళలోకి చూడడం లేదు. నా మనసులో ఒకటే బొమ్మ. మా ఆవిడ పాఠం చెప్పే దారి చిన్నపిల్లల బడి ముందు నుంచి పోతుంది. గేటు తీయగానే పిల్లలు గింజలు చల్లినట్టు రోడ్డు మీదికి వస్తారు. మొక్కలమ్మే ఆవిడ కంగారులో బ్రేకు బదులు యాక్సిలేటర్ తొక్కుతుంది. రెండో బ్రేకు మీదికి మా ఆవిడ పాదం లేవదు. అన్నం సయించలేదు. దుకాణంలో ఒకాయనకి దగ్గర చూపు అద్దాలు దూరం ఫ్రేములో బిగించి పంపించాను. ఆయన గుమ్మం తట్టుకుని తిట్టుకుంటూ వెనక్కి వచ్చాడు.

ఆదివారం పొద్దున్న కాఫీ తాగుతుండగా నా నోట్లోంచి మాట వచ్చేసింది. "ముందు నాకు నేర్పు."

ఆమె గ్లాసు దించి నన్ను చూసింది.

"నీ కాలు పనిచేస్తుందో లేదో ముందు నా మీద చూడు. నా మీద చూశాక సోమవారం ఆవిడ మీద చూద్దువు."

"కుక్క ఉంటే దిగిపోతారేమో?"

"దిగను."

సంతబజారు వెనకాల లారీలు ఆగే స్థలం ఆదివారాలు ఖాళీగా ఉంటుంది. మా అమ్మాయి బండి నడుపుకుని తీసుకెళ్ళింది. ఖాళీ ప్లాస్టిక్ డ్రమ్ములు తెచ్చి ఎదురుగా వరసగా పెట్టింది. వాళ్ళమ్మ చేతికర్ర తను పట్టుకుని గోడ పక్కన నిలబడింది. దాని మొహం నాకంటే పాలిపోయి ఉంది. నేను స్టీరింగు ముందు కూర్చున్నాను. అరచేతుల చెమటకి స్టీరింగు జారిపోతోంది. మా ఆవిడ పక్క సీట్లో కూర్చుని, పాదానికి అడ్డమని ప్లాస్టిక్ పట్టీ విప్పేసి, రెండు చేతులతో తొడ పట్టుకుని కుడికాలు లోపల పెట్టుకుంది.

"క్లచ్చు కూడా నా వైపు ఒకటుంది, అది నా ఎడమకాలు చూసుకుంటుంది. మీరు తిన్నగా పట్టుకుని కొంచెం యాక్సిలేటర్ ఇవ్వండి. డ్రమ్ముల దగ్గర నేను ఆపుతాను. మీరు బ్రేకు ముట్టుకోకూడదు. ముట్టుకుంటే నా కాలు సంగతి ఎప్పటికీ తెలియదు."

"ముట్టుకోను."

మొదటిసారి ఆమె పాదం పెడల్ మీదే ఉంచింది. బండి మూలిగింది, ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు ఈడ్చుకుంటూ నాలుగు బారలు వెళ్ళి ఆగిపోయింది. "పాదం బరువు పడుతోంది" అంది తనకి తనే చెప్పుకుంటున్నట్టు. ఎత్తిపట్టాలి. ఎత్తిపట్టలేకపోతోంది. తొడ పట్టుకుని కాలు కిందకి దించుకుంది.

"మళ్ళీ" అంది.

రెండోసారి బండి హాయిగా కదిలింది. అదే నన్ను ఇంకా భయపెట్టింది. డ్రమ్ములు పెద్దవవుతున్నాయి. వాటి మీద రాతలు కనబడుతున్నాయి. నా పాదం బ్రేకు మీదికి పోబోతోంటే పళ్ళు కరిచి పట్టుకుని ఆపుకున్నాను. ఆమె మోకాలు పైకి లేవడం ఓరగా చూశాను. లేచింది. పాదం వేళ్ళు మాత్రం కిందకే వేలాడి, వెళ్ళి పెడల్ అడుగున ఇరుక్కున్నాయి. నొక్కాలంటే పెడల్ మీదికి రావాలి, మీదికి రావాలంటే పాదం లేవాలి. "ఆపు" అంది. నాతో కాదు, కాలితో. "ఆపవే!" అని అరిచింది. మొదటి డ్రమ్ము ధడేల్మని పడింది, రెండోది బండి కింద నలిగింది, ఆమె చేత్తో హ్యాండ్‌బ్రేకు లాగేసింది. బండి ఊగి ఆగింది.

మా అమ్మాయి పరిగెత్తుకొచ్చి తలుపు పట్టుకుని నిలబడింది. మా ఆవిడ నలిగిన డ్రమ్ము వైపు చూస్తోంది. అక్కడ డ్రమ్ము కాకుండా ఏముండేదో ఆమెకి కనబడుతోందని నాకు అర్థమైంది. పెదవులు అదిరాయి. మా పెళ్ళయినప్పటి నుంచీ ఎన్ని బళ్ళు గోతుల్లోకి పోబోయినా ఆ పెదవులు అదరగా చూడలేదు.

"ఆవిడని సోమవారం రావద్దని చెప్పు" అంది కూతురితో. "నేను ఈ సీట్లోకి మళ్ళీ ఎప్పుడొస్తానో తెలియదని చెప్పు. వస్తానో రానో కూడా" అంది.

మా అమ్మాయి తల ఊపి, బండి కింది డ్రమ్ము లాగి తీసి, పడిపోయినదాన్ని తీసుకెళ్ళి మళ్ళీ దూరంగా నిలబెట్టి, గోడ దగ్గరికి వెళ్ళి మాకు వీపు పెట్టి నిలబడింది. ఏడుస్తోందని భుజాలు చెబుతున్నాయి.

ఇక దిగి ఇంటికి పోదామని తలుపు మీద చెయ్యి వేశాను.

"ఎక్కడికి? అప్పుడు కుక్క, ఇప్పుడు డ్రమ్మా?" అంది. గొంతులో తడి ఉంది, అయినా ఎత్తిపొడుపు మానలేదు. "డ్రమ్ము మీద పడుతుంటే మీరు బ్రేకెందుకు వేయలేదు?"

"నువ్వే ముట్టుకోవద్దన్నావు కదా!"

"నేను వంద చెబుతాను. ఎదురుగా మనిషి ఉంటే? నా కాలిని నమ్ముకుని కూర్చుంటారా?" ముక్కు తుడుచుకుంది. "ఈ బండికి ఇప్పుడు బ్రేకు ఒకటే. అది మీ కాలి కింద ఉంది. కదపండి."

కదిపాను. ఏం ధైర్యమో తెలియదు, భయం అంతా అలాగే ఉంది, దానితోనే కదిపాను. ఆమె చెయ్యి చాచి నా మోకాలి మీద వేసింది. డ్రమ్ము దగ్గరపడుతోంది. ఇంకా దగ్గరపడింది. ఆ చెయ్యి ఒక్కసారి గట్టిగా నొక్కింది. నేను బ్రేకు నొక్కాను. బండి జానెడు దూరంలో ఆగింది.

ఇద్దరం ఊపిరి వదిలాం. ఆమె చెయ్యి తీయలేదు.

"నొక్కడం ఎవరికైనా వచ్చు" అంది నెమ్మదిగా. "ఇప్పుడు తియ్యండి. మెల్లిగా. మడమ కదలకుండా, పాదం ఒక్కటే."

తీశాను. నా పాదం పెడల్ మీద నుంచి పైకి లేచి గాల్లో నిలబడింది. ఎంత చిన్న పని. ఇన్నాళ్ళూ నాకు తెలియకుండానే చేస్తున్న పని. పక్కన ఆమె పాదం వైపు చూశాను. పట్టీ లేని వేళ్ళు కిందకి వాలి ఉన్నాయి. ఆమె మెడ నరాలు బిగిశాయి. నాతో పాటు ఆమె కూడా లేపుతోంది. బొటనవేలి వైపే చూస్తూ ఉండిపోయాను.

"అటు కాదు" అంది. "ముందుకి చూడండి."